బండి పైకప్పు మీద అర మీటరు కమ్మీ

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు ఎక్కింది. 2022 జులైలో 71.3 అడుగుల దాకా వచ్చింది, ఆ వరదలో వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఎగువన చర్ల వైపు తాలిపేరు, కింద బూర్గంపాడు వైపు కిన్నెరసాని, ఇంకా దిగువన కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తాయి. ఇవన్నీ ఒకేసారి పొంగితే దుమ్ముగూడెం, చర్ల, బూర్గంపాడు మండలాల్లో వాగు వాగుకీ దారి తెగిపోతుంది. కరెంటు పోతుంది. సెల్ టవర్ కింద జనరేటర్‌కు డీజిల్ పోయడానికి మనిషి వెళ్లలేకపోతే కొన్ని గంటల్లో ఆ టవరూ మూగబోతుంది. వానలు లేని రోజుల్లోనే ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవిలో ఫోన్‌కు సిగ్నల్ అందని చోట్లు చాలా ఉన్నాయి.

అలాంటి చోటికి వైద్య శిబిరం బండి, సహాయ సామగ్రి ట్రైలర్, పర్యాటకుల కారవాన్, ఏది వెళ్లినా పైకప్పు మీద ఒక రేడియో యాంటెన్నా ఉండటం, అది సరిగ్గా బిగించి ఉండటం చాలా అవసరం. అటవీ శాఖకు, పోలీసులకు ఎప్పటి నుంచో సొంత వైర్‌లెస్ సెట్లున్నాయి. నదీమట్టాలు చూసే కేంద్ర జలసంఘం కూడా దశాబ్దాల పాటు వైర్‌లెస్ మీదే ఎగువ సమాచారాన్ని కిందికి పంపింది. మామూలు పౌరులకు చట్టం తెరిచిపెట్టిన తలుపు హామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని అభిరుచిగా నడిపే రేడియో.

ఈ తలుపు ఎంత దూరం తీసుకెళ్తుందో మన హైదరాబాద్ సంస్థే చూపించింది. 1983లో హైదరాబాద్‌లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం 2004 డిసెంబరులో అండమాన్ వెళ్లింది. ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడటానికి పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక హోటల్ దగ్గర యాంటెన్నాలు కట్టుకుంది. 26వ తేదీన సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. ద్వీపాల క్షేమ సమాచారం ప్రధాన భూభాగానికి చేరడంలో ఆ యాంటెన్నాలే అక్కరకొచ్చాయి. విపత్తు వచ్చాక కట్టినవి కావు, అప్పటికే నిలబడి ఉన్నవి. బండి విషయంలోనూ ఇదే ముఖ్యం. నీళ్లు వచ్చాక పైకప్పుకు రంధ్రం వేసే తీరిక ఎవరికీ ఉండదు.

రేడియో కొనేవాళ్లు సాధారణంగా సెట్టు ఎన్ని వాట్లని అడుగుతారు. అడగవలసింది యాంటెన్నా ఎక్కడ, దాని కింద ఏముందని. దగ్గరి మాటలకు హామ్‌లు ఎక్కువగా వాడేది 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ బ్యాండు. ఆ తరంగం పొడవు సుమారు రెండు మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే అర మీటరు కమ్మీ ఒక్కటి నిలబెడితే యాంటెన్నా అవుతుంది. నిజానికి అప్పటికి సగమే అయినట్టు. మిగతా సగం దాని కిందున్న లోహపు రేకు. కమ్మీ చుట్టూ అన్ని వైపులా అర మీటరు మేర రేకు ఉంటే పని పూర్తవుతుంది. జీపు పైకప్పు ఇనుము కాబట్టి అక్కడ ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు. కారవాన్, ట్రైలర్ల దగ్గరే చిక్కు. వాటి పైకప్పు చాలావరకు ఫైబర్, లేదంటే అల్యూమినియం అతికిన ప్లాస్టిక్ పలక. అయస్కాంతం పీటతో వచ్చే యాంటెన్నా దాని మీద అంటుకోనే అంటుకోదు. జిగురుతో అంటించినా కింద లోహం లేకపోతే శక్తిలో కొంత తిరిగి సెట్టు వైపే వస్తుంది.

దీనికి రెండు దారులు. కప్పు లోపలి వైపు మీటరు వెడల్పు, మీటరు పొడవు అల్యూమినియం రేకు పరిచి, యాంటెన్నా పీటను దానికి గట్టిగా కలపడం ఒకటి. కింద రేకు అవసరం లేని సగం తరంగపు యాంటెన్నా కొనడం రెండోది. అది మీటరు దాకా పొడవుంటుంది. మోదుగ, టేకు కొమ్మలు రోడ్డు మీదికి వంగే దారుల్లో పొడవాటి కమ్మీ తగిలి విరుగుతుంది. అందుకే అడవి దారికి రేకు పరిచిన పైకప్పు, స్ప్రింగ్ మీద ఊగే పొట్టి కమ్మీ నయం.

బిగించే పని చూడదగింది. పైకప్పు మధ్యలో, ఏసీ పెట్టెకూ సోలార్ పలకలకూ దూరంగా ఒక చోటు ఎంచుకోవాలి. కింద కరెంటు తీగలు పోవడం లేదని లోపలి నుంచి చూసుకున్నాకే పంతొమ్మిది మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి. అంచుల పదును ఆకురాయితో తీసి, పీట తాకే చోట పెయింట్ గీకి మెరిసే లోహం బయటపెట్టాలి. పెయింట్ మీద పీట కూర్చుంటే చూపుకు బిగుతుగానే ఉంటుంది, విద్యుత్తు మాత్రం సాగదు. తర్వాత రబ్బరు వాషర్, చుట్టూ నీరు చొరని బ్యూటైల్ టేపు. కేబుల్‌ను గోడలోంచి లోపలికి తీసే ముందు కిందికి ఒక వంపు వదలాలి. వాన నీరు ఆ వంపు దగ్గరే జారి పడిపోతుంది.

ఇక కేబుల్. సన్నటి ఆర్‌జీ-58 పది మీటర్లు వాడితే ఈ బ్యాండులో సెట్టు పంపిన శక్తిలో సుమారు మూడో వంతు దారిలోనే వేడిగా పోతుంది. అందుకే తీగ పొట్టిగా, మందంగా ఉండాలి. సెట్టుకు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి రావాలి, రెండు తీగలకూ బ్యాటరీ పక్కనే ఫ్యూజులు వేయాలి. చివరగా, యాంటెన్నా నుంచి ఎంత శక్తి వెనక్కి వస్తోందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు పెట్టి చూడాలి. ముల్లు 1.5 దగ్గర ఆగితే వెనక్కి వచ్చేది నాలుగు శాతం, 3 చూపిస్తే నాలుగో వంతు. కింది ఫ్రీక్వెన్సీలో రీడింగ్ బాగుండి, పైన చెడితే కమ్మీ పొడవు ఎక్కువైందని అర్థం. రెండు మూడు మిల్లీమీటర్లు తీసి మళ్లీ చూడాలి.

ఇంతా చేస్తే మాట ఎంత దూరం పోతుంది? ఈ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి. మూడు మీటర్ల ఎత్తున్న రెండు బండ్ల మధ్య చదునైన నేల మీద లెక్క పధ్నాలుగు కిలోమీటర్లు. గుట్టలు, తడిసిన ఆకుల మధ్య అది బాగా తగ్గుతుంది. బండి ఆపుకున్నాక ముందు భాగానికి బిగించిన గొట్టపు స్తంభాన్ని తొమ్మిది మీటర్లకు లేపి యాంటెన్నా పైకెక్కిస్తే, అవతలా అలాంటిదే ఉంటే, పాతిక కిలోమీటర్ల దాకా ఆశ. స్తంభం లేపేటప్పుడు తల పైన కరెంటు తీగలు చూడకపోతే ప్రాణాలకే ముప్పు. ఉరుములు వినిపిస్తే దించాలి, కేబుల్ ఊడదీయాలి.

భద్రాచలం నుంచి చర్లకు, ఖమ్మానికి, హైదరాబాద్‌కు మాట అందాలంటే వేరే దారి ఉంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర, ఇరవై మీటర్ల తీగను మూడు నాలుగు మీటర్ల ఎత్తులోనే అడ్డంగా కడితే తరంగం దాదాపు నిట్టనిలువుగా పైకి పోయి, వాతావరణం పై పొర అయిన అయనోస్ఫియర్‌కు తగిలి, చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర వానలా కిందికి దిగుతుంది. మధ్యలో గుట్ట ఉందా, అడవి ఉందా అన్నది దానికి పట్టదు. పగలు ఇది బాగా పనిచేస్తుంది. రాత్రికి 3.5 మెగాహెర్ట్జ్‌కు మారాల్సి రావచ్చు, అప్పుడు తీగ పొడవు రెట్టింపు. ఎత్తైన టవర్ అక్కర్లేని ఈ పద్ధతి మన వరద మండలాలకు అచ్చంగా సరిపోతుంది. దీని గురించి ఇక్కడ తెలిసినవాళ్లు తక్కువ కావడం బాధాకరం.

లైసెన్సు లేకుండా మాత్రం ఏదీ మొదలుపెట్టకూడదు. పన్నెండేళ్లు నిండిన భారతీయులు ఎవరైనా హామ్ పరీక్ష రాయవచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కోడ్ అక్కర్లేదు, జనరల్ గ్రేడుకు కావాలి. ఇంటి చిరునామాకు ఇచ్చిన లైసెన్సును బండిలో వాడే నిబంధనలు ముందే తెలుసుకోవాలి. వ్యాపార సంభాషణలు నిషిద్ధం. ఆన్‌లైన్‌లో కొన్న వాకీటాకీతో లైసెన్సు లేకుండా సరిహద్దు అడవిలో తిరిగితే పోలీసుల ప్రశ్నలకు జవాబు చెప్పుకోవడం కష్టం. కిన్నెరసాని అభయారణ్యంలో చెట్లకు తీగ కట్టే ముందు అటవీ అధికారుల అనుమతి తప్పనిసరి.

జూన్ రాకముందే, మే నెలలో ఏదో ఒక ఆదివారం ఒక సెట్టును భద్రాచలంలో ఉంచి, బండిని దుమ్ముగూడెం మీదుగా చర్ల దాకా నడిపి, ప్రతి ఊరి దగ్గరా ఆపి పిలిచి చూడాలి. ఏ గుట్ట వెనక మాట తెగింది, ఏ మలుపులో మళ్లీ అందింది, ఎక్కడ స్తంభం లేపాల్సి వచ్చింది, అన్నీ ఒక పుస్తకంలో రాసి బండిలోనే ఉంచాలి. వరద రాత్రి మైకు పట్టుకునే మనిషి ఆ రోజు వెళ్లినవాడే కావాలని లేదు.