కొరియా పుట్టగొడుగుల వేపుడు

కారం అనగానే మనకు గుంటూరు గుర్తుకొస్తుంది. మనలాగే కారాన్ని ఇష్టపడే దేశం తూర్పు ఆసియాలో మరొకటి ఉంది. అది కొరియా. నిజానికి మిరప మనకూ వారికీ కూడా పరాయి పంటే. అమెరికా ఖండం నుంచి సముద్రాలు దాటి వచ్చింది. 1614లో రాసిన ఒక కొరియా గ్రంథంలో దాని ప్రస్తావన ఉంది. మిరపపొడి, జిగురు బియ్యం, పులిసిన సోయా చిక్కుళ్ల పొడి, ఉప్పు కలిపి నెలల తరబడి జాడీలో ఊరబెట్టే ముద్దను వారు గోచుజాంగ్ అంటారు. మనకు ఆవకాయ జాడీ ఎలాంటిదో వారికి అదలాంటిది. ఆ ముద్దతో చేసే పుట్టగొడుగుల వేపుడు ఈనాటి మన విషయం.

శాకాహారులకు ముందుగా ఒక మాట. కొరియా వంటలో పైకి కూరగాయలే కనిపించినా, లోపల ఎండు నెత్తళ్ల రసమో, చేపల సాసో ఉండవచ్చు. హోటల్లో తినేవారు అడిగి తెలుసుకోవాలి. ఇంట్లో చేసుకుంటే ఆ బెంగ లేదు. అక్కడి బౌద్ధాలయాల్లో మాంసం, చేపలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. రుచి కోసం పుట్టగొడుగులను కూడా వాడతారు.

ఇక కావలసినవి రాసుకోండి. చిప్ప పుట్టగొడుగులు పావుకిలో, బ్యాడగి ఎండుమిరపకాయలు 5, వెల్లుల్లి రెబ్బలు 4, సోయా సాస్ ఒక పెద్ద చెంచా, బెల్లం తురుము ఒక చెంచా, నువ్వుల నూనె రెండు చెంచాలు, ఉల్లికాడలు కొన్ని, వేయించిన నువ్వులు ఒక చెంచా. వెల్లుల్లి, ఉల్లి తిననివారు వాటిని మానేయవచ్చు.

గోచుజాంగ్ దొరికితే ఒకటిన్నర చెంచా చాలు. దొరకనివారి కోసమే బ్యాడగి మిరప చెప్పాను. ఎర్రటి రంగు, తక్కువ కారం దాని గుణం. గింజలు తీసి, వేడినీళ్లలో పావుగంట నానబెట్టి, వెల్లుల్లి, బెల్లం, సోయా సాస్‌తో మెత్తగా నూరుకోండి. ఊరిన ముద్ద పులుపు దీనికి రాదు గాని, కమ్మగానే ఉంటుంది.

పుట్టగొడుగులో నూటికి తొంభై పాళ్లు నీరే. అందుకని నానబెట్టకూడదు. గబగబా కడిగి, గుడ్డతో అద్ది, చేత్తో నిలువుగా చీల్చండి. మూకుడు బాగా కాగాక నూనె వేసి, ముక్కలను రెండు వాయిలుగా వేయించండి. ఒకేసారి కుమ్మరిస్తే నీరూరి ఉడికిపోతాయి, వేగవు. ఉప్పు ముందే వేసినా అంతే. నాలుగైదు నిమిషాల్లో అంచులు ఎర్రబడతాయి. అప్పుడు మంట తగ్గించి ముద్ద కలపండి. అందులో తీపి ఉంది కాబట్టి, పెద్ద మంట మీద మాడి చేదెక్కుతుంది. రెండు నిమిషాలు తిప్పి, ఉల్లికాడలు వేసి దించండి. సోయా సాస్‌లో ఉప్పుంటుంది, రుచి చూశాకే ఉప్పు వేయండి. కొరియావారు వేయించిన నువ్వుల నుంచి తీసిన నూనెను చివర్లో చిలకరిస్తారు. మన నూనె సాధారణంగా పచ్చి నువ్వులది. ఆ వాసన కోసం వేయించిన నువ్వులు నలిపి పైన చల్లండి. వేడి అన్నంలోకి బాగుంటుంది.

చివరిగా ఒక హెచ్చరిక. వానలు పడగానే అడవుల్లో, గట్ల మీద పుట్టగొడుగులు లేస్తాయి. ఏది మంచిదో ఖాయంగా తెలియనప్పుడు వాటిని ముట్టకండి. ఎంత ఉడికించినా కొన్నింటి విషం పోదు. వెండి నాణెం నల్లబడలేదు కాబట్టి ఫరవాలేదనడం ఒట్టి భ్రమ. కొన్ని రకాలు తిన్నాక, ఆరేడు గంటలు దాటితే గాని వాంతులు, విరేచనాలు మొదలుకావు. అలా జరిగితే ఇంటి వైద్యంతో కాలయాపన చేయకుండా, మిగిలిన కూర కూడా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వేపుడుకు సాగుచేసిన పుట్టగొడుగులే కొనండి.