గోల్ఫు నేర్చుటకు ఎంతకాలము?

గత మాసమున మా కేంద్రమునకు వచ్చిన ఉత్తరములలో ఒకటి మమ్ము చాలసేపు ఆలోచింపజేసినది. వ్రాసిన శ్రోతది నెల్లూరు కోస్తాలోని జువ్వలదిన్నె. ఉద్యోగరీత్యా విశాఖపట్టణమున కాపురమున్నారు. వయస్సు నలుబది దాటినది. తోటి ఉద్యోగుల ప్రోత్సాహముతో ఆరునెలల క్రిందట గోల్ఫు ఆట మొదలుపెట్టిరట. మొదట 130 దెబ్బలకు పైగా పట్టిన ఆట రెండు నెలలలో 112కు దిగినది. ఆ పిమ్మట నాలుగు నెలలుగా అక్కడనే నిలిచిపోయినది. “మా ఊరిలో విసురువల వేయుట ఒక్క వేసవిలో నేర్చుకొంటిని. ఈ చిన్న బంతి నాకు లొంగకున్నది. వయస్సు మీరిన పిదప ఇట్టివి రావని ఇంటిలోనివారు అనుచున్నారు. మానివేయుట మంచిదా?” ఇదీ ఆయన ప్రశ్న.

పోస్టుకార్డుపై రెండు మాటలు వ్రాసి ఊరకుండవచ్చును. కాని ఈ ప్రశ్న ఒక్క గోల్ఫుకు సంబంధించినది కాదు. నడివయస్సులో వీణ పట్టినవారు, ఈత మొదలుపెట్టినవారు, కొత్త భాష నేర్చువారు అందరును ఏదో ఒకనాడు ఇదే ప్రశ్న వేసికొందురు. అందుచేత ఈ ప్రసంగము.

ఆటను చూడని శ్రోతలకొరకు రెండు మాటలు. గోల్ఫు బంతి బరువు 46 గ్రాములకు మించరాదు. అది పోయి పడవలసిన గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు, అనగా నాలుగంగుళములకు కొంచెము ఎక్కువ. ఇట్టి గుంటలు పదునెనిమిది. ఒక్కొక్క గుంటకు వందల గజముల దూరమునుండి కర్రతో బంతిని కొట్టుకొనుచు పోవలెను. ఎవరు తక్కువ దెబ్బలలో ముగింతురో వారిదే గెలుపు. ఆరితేరినవాడు పదునెనిమిది గుంటలకు తీసికొనదగిన దెబ్బల సంఖ్యను ‘పార్’ అందురు. అది చాల మైదానములలో 72.

ఇది దొరల ఆట, మనకేల అనువారు కలరు. ఈ ఆట పుట్టినది మేడలలో కాదు, స్కాట్లండు సముద్రపుటొడ్డున, పంటకు పనికిరాని ఇసుకనేలలపైన. 1457లో ఆ దేశపు పార్లమెంటు, జనులు విలువిద్య మాని గోల్ఫులో మునిగిపోవుచున్నారని ఆటను నిషేధించినది. అట్టి ఇసుకనేలలకు వారి భాషలో ‘లింక్సు’ అని పేరు. ఆ మాటకు మూలార్థము మెట్ట, గట్టు, అనగా మన దిన్నె. జువ్వలదిన్నె వారికి ఈ చుట్టరికము తెలియకపోవచ్చును! మన దేశమున 1829లో కలకత్తాలో గోల్ఫు క్లబ్బు ఏర్పడినది. బ్రిటిషు దీవుల వెలుపల నేటికిని నిలిచియున్న క్లబ్బులలో అదియే పురాతనము. విశాఖపట్టణమునందలి ఈస్టు పాయింటు గోల్ఫు క్లబ్బు 1884 నాటిది.

ఇక అసలు విషయము. 130 నుండి 112కు రెండు నెలలలో దిగిన లెక్క, 112 నుండి 108కి నాలుగు నెలలలో ఏల దిగలేదు? మొదటి దినములలో ఆటగాడు చేయు తప్పులు పెద్దవి. కర్ర బంతికి తగులనే తగులదు. తగిలిన బంతి పొదలలో పడును, లేదా పదిగజములు దొర్లి ఆగును. ఒక్కొక్క తప్పునకు ఒకటిరెండు దెబ్బలు నష్టము. పట్టు సరిచేసి, నిలుచుండు తీరు దిద్దినంతనే ఇట్టివి డజన్లకొలది రాలిపోవును. మిగిలినవి చిన్నవి. బంతి రెండు గజములు కుడికి పోవుట, గుంటకు జానెడు ముందు ఆగుట వంటివి. వీనిలో ఒక్కొక్కదానిని సవరించుటకు పూర్వముకంటె ఎన్నోరెట్లు శ్రమ కావలెను. ఫలము మాత్రము ఒక్క దెబ్బ.

ఇది గోల్ఫునకే పరిమితమైన సంగతి కాదు. 1959లో క్రాస్‌మన్ అను ఇంగ్లీషు పరిశోధకుడు చుట్టలు చేయు యంత్రములపై పనిచేయు స్త్రీల వేగమును పరిశీలించెను. మొదటి వారములలో వేగము జోరుగా పెరిగినది. తరువాత పెరుగుదల నెమ్మదించినదే కాని ఆగలేదు. ఇంచుమించు రెండేండ్లవరకు, లక్షలకొలది చుట్టలు చేసిన పిమ్మటగూడ, వారు ఇంకను కొంచెము కొంచెము మెరుగుపడుచునే యుండిరి. మన బీడీల పనివారికి ఈ మాట చెప్పినచో నవ్వుదురు. ఇది తెలిసికొనుటకు పరిశోధన ఎందుకని అడుగుదురు.

మధ్యలో కొంతకాలము ఏమాత్రమును ముందుకు పోనట్లు తోచుటకు మరియొక కారణము చెప్పుదురు. అందుకు గోల్ఫును కాసేపు విడిచి టెలిగ్రాఫును చూడవలెను. జువ్వలదిన్నెకు సమీపమున ఉన్న బిట్రగుంట, ఒకప్పుడు ఆవిరి ఇంజనుల షెడ్డుతో పేరుపొందిన రైల్వే ఊరు. అట్టి స్టేషనులలో టెలిగ్రాఫు ‘కట్ట్, కడ’ ధ్వనులు విని వార్త వ్రాసికొనుట పెద్ద విద్య. మన దేశమున తంతివార్తల సేవ 2013 జూలైలో ముగిసినది కాని, ఆ విద్య నేర్చినవారు కొందరు ఇంకను ఉన్నారు. 1897లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయమునకు చెందిన బ్రయన్, హార్టరు అనువారు ఈ విద్య నేర్చుకొనుచున్నవారి వేగమును వారము వారము కొలిచిరి. పంపుట క్రమముగా పెరిగినది. వినుట మాత్రము కొంత పెరిగి, వారములకొలది ఒకేచోట నిలిచి, ఒక్కసారిగా మరల పైకెగసినది. వారి వ్యాఖ్యానమిది: నేర్చువాడు మొదట అక్షరములు వినును, పిమ్మట మాటలు వినును, ఆ పిమ్మట వాక్యములు వినును. ఒక మెట్టు పూర్తిగా చేతికి వచ్చి, దానిని గురించి ఆలోచింపనవసరము లేకుండపోవువరకు పై మెట్టు అందదు. నిలిచినట్లు కనబడు కాలమున లోలోపల ఆ పని జరుగుచుండును. తరువాతివారు కొందరు అట్టి విరామము అందరిలోను కనబడదని వాదించిరి. ఆ వాదములోను సత్యమున్నది. అయినను మా మిత్రుని నాలుగు నెలలను అర్థము చేసికొనుటకు ఈ పోలిక ఉపకరించును.

మరియొక మాట. ఆయన నిజముగా నిలిచిపోయిరా? ఉత్తరముతోపాటు తమ ఆటల లెక్క పంపిరి: 108, 119, 111, 105, 117, 112. చూడుడు, రెండు ఆటలనడుమ భేదము పదునాలుగు వరకు ఉన్నది. గాలి ఎక్కువైనను, నిద్ర తక్కువైనను, ఒక బంతి నీటిలో పడినను లెక్క మారును. ఇంత అటునిటు ఊగు లెక్కలో మూడు దెబ్బల మెరుగు దాగి ఉన్నచో, నాలుగైదు ఆటలు చూచి దానిని కనిపెట్టుట అసాధ్యము. నెలకు రెండు ఆటలాడువానికి ఆ మెరుగు బయటపడుటకు ఏడాది పట్టవచ్చును. అందుచేతనే ఈ ఆటలో ‘హాండిక్యాప్’ అను కొలత ఏర్పరచిరి. 2020లో ప్రపంచమంతటికి ఒకే పద్ధతి అమలులోకి వచ్చినది. దాని ప్రకారము కడపటి ఇరువది ఆటలలో మేలైన ఎనిమిదింటిని తీసికొని, మైదానపు కఠినతనుబట్టి సవరించి, సగటు కట్టుదురు. అనుమతింపబడిన గరిష్ఠము 54, అనగా గుంటకు మూడేసి దెబ్బలు అదనము. కొత్తవానికి ఆ చోటున గౌరవముగా నిలుచు హక్కు కలదు. అమెరికాలో ఈ లెక్కను నియమముగా పెట్టుకొను పురుషుల సగటు సుమారు 14, స్త్రీలది సుమారు 28. ఏండ్లతరబడి ఆడువారుగూడ పార్‌కు చేరలేరని దీనిచే తెలియుచున్నది. ఆ సంఖ్యను చూచి సిగ్గుపడు కొత్త ఆటగాండ్రను చూచినప్పుడు మాకు జాలి కలుగును.

వయస్సును గురించి ఇంటిలోనివారు అనుమాట సంగతి. సరిగా ఈ ప్రశ్నకే సమాధానమిచ్చు పరిశోధన ఒకటి 2011లో స్విట్జర్లండులోని జూరిచ్‌లో ప్రకటింపబడినది. నలుబది, అరువది ఏండ్లనడుమ వయస్సుగల, గోల్ఫు ఎన్నడును ఆడని కొందరిని ఎన్నుకొని, వినోదమునకు ఆడినట్లే తమకు తోచినరీతిని నలుబది గంటలు అభ్యాసము చేయనిచ్చిరి. ముందును తరువాతను మెదడు చిత్రములు తీసిరి. చూపును చేతిని అనుసంధించు భాగములలో మెదడు పదార్థము పెరిగినట్లు తేలినది. నలుబది గంటలను తక్కువ దినములలో ముగించినవారిలో ఒక భాగమున ఆ పెరుగుదల మరింత స్పష్టముగా ఉన్నది. నలుబది ఏండ్ల మెదడు కొత్త పని నేర్చుకొనునని ఇంతకంటె సూటిగా చెప్పు సాక్ష్యము దొరకదు. వీపు, మోకాళ్లు మెదడు వలె సహకరింపకపోవచ్చును, అది వేరు సంగతి.

పదివేల గంటలు అభ్యసించినచో ఎవరైనను ఏ విద్యలోనైనను నిష్ణాతులగుదురను మాట ఈ మధ్య బాగా వ్యాపించినది. దీనికి మూలము 1993లో ఎరిక్‌సన్, ఆయన సహచరులు బెర్లినులోని వయొలిన్ విద్యార్థులపై చేసిన అధ్యయనము. ఆ సంఖ్య ఒక సగటు మాత్రమేయనియు, అది వరము కాదనియు ఎరిక్‌సనే తరువాత పలుమార్లు చెప్పవలసివచ్చినది. అయినను అమెరికాలో డాన్ మెక్‌లాఫ్లిన్ అను ఛాయాచిత్రకారుడు 2010లో, ముప్పదియవ యేట, ఉద్యోగము మాని, అంతకుముందు గోల్ఫు అనుభవము లేకున్నను పదివేల గంటల పరీక్షకు సిద్ధపడెను. గుంట ప్రక్కనుండి మొదలుపెట్టి క్రమముగా వెనుకకు జరుగుచు నేర్చెను. నాలుగైదేండ్లలో హాండిక్యాప్ మూడుకు లోపలికి వచ్చినది. అది అసాధారణమైన విజయము. ఆరువేల గంటలు దాటిన పిమ్మట 2015లో వీపు నొప్పి ఆయనను ఆపివేసినది. పూర్ణకాలము ఇచ్చినవాని సంగతియే ఇది. ఆదివారము పూట రెండు గంటలు ఆడువాడు ఈ కథనుండి నేర్వవలసినది తన తొందరను తగ్గించుకొనుట.

గంటల సంఖ్య సరే, ఆ గంటలు ఎట్లు గడుపవలెను? 1978లో కెర్, బూత్ అనువారు ఎనిమిదేండ్ల పిల్లలచేత చిన్న గింజల సంచులను గురికి విసరించిరి. ఒక జట్టు ఎల్లప్పుడును మూడడుగుల దూరమునుండియే అభ్యసించినది. రెండవ జట్టు రెండడుగులనుండి, నాలుగడుగులనుండి అభ్యసించినదే కాని మూడడుగులనుండి ఒక్కసారియు విసరలేదు. చివరకు మూడడుగులనుండి పరీక్షింపగా రెండవ జట్టే బాగుగా విసరినది. ఒకే కర్రతో ఒకేచోటనుండి వంద బంతులు కొట్టుట మా మిత్రుని అలవాటు. అట్లు కొట్టునప్పుడు చేయి తిరిగినట్లే తోచును, మైదానములోనికి పోగానే అది మాయమగును. కర్ర మార్చి, దూరము మార్చి, నేల వాలు మార్చి కొట్టుట విసుగు పుట్టించును. కాని ఆటలో ఏ రెండు దెబ్బలును ఒకటి కావు గదా.

గుంటచెంత సున్నితపు దెబ్బలే సర్వస్వమని పెద్దలు చెప్పు మాటనుగూడ కొంచెము సవరించుకొనవలెను. కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన మార్కు బ్రాడీ లక్షలకొలది దెబ్బల లెక్కలు పరిశీలించి 2014లో ఒక గ్రంథము ప్రకటించెను. మంచి ఆటగానికిని సామాన్యునికిని గల భేదములో మూడింట రెండువంతులు నూరు గజములకు పైబడిన దూరపు దెబ్బలవలననే వచ్చుచున్నదని ఆయన తేల్చెను.

ఇక విసురువల సంగతి. ఒక్క వేసవిలో నేర్చుకొంటినని ఆయన వ్రాసినది మాకు నమ్మబుద్ధి కాలేదు. అదృష్టవశమున చేపలరేవును గురించిన కార్యక్రమము రికార్డు చేయుటకు ఆ మధ్య జువ్వలదిన్నె వెళ్లవలసివచ్చినది. సరుగుడు తోటల నీడలో వలలు బాగుచేసికొనుచున్న శ్రోత చిన్నాయనను కలిసి అడిగితిమి. ఆ పెద్దాయన దారము పండ్లతో తెంపి నవ్వెను. “ఒక్క ఎండాకాలమా? వాడు నడక నేర్చింది నీళ్లలోనే గదయ్యా. నాలుగేండ్లప్పుడు చినిగిన వలముక్క తీసుకొని కోళ్లమీద ఇసిరేవాడు. మా యెనకాల ఎన్నేండ్లు తిరిగినాడో లెక్క ఎవురు పెట్టినారు?”

మేము వెదకుచున్న సమాధానము ఆ మాటలో దొరికినది. నేర్పు చూపిన దినమును గుర్తుంచుకొందుముగాని అంతకు ముందటి ఏండ్లను ఎవరును లెక్కింపరు. ఇండియన్ ఓపెన్‌ను 2016లోను 2017లోను గెలిచిన చౌరాసియా తండ్రి కలకత్తా క్లబ్బులో పచ్చిక పెంచు పనివారు. 1991లో అదే పోటీ గెలిచిన అలీ షేర్ ఢిల్లీలో ఆటగాండ్ర కర్రల సంచులు మోసినవాడు. వారు ఆట ‘మొదలుపెట్టిన’ తేదీ ఏదని అడిగినచో ఎవరు చెప్పగలరు? మైదానమే వారి పెరడు. నలుబది దాటిన పిదప ఆదివారము ఉదయమున మొదలుపెట్టిన మా మిత్రుడు తన ఆరునెలలను వారి ఆరునెలలతోను, తన సొంత వలతోను పోల్చుకొనుట న్యాయము కాదు.

ఆయనకు మేము వ్రాసిన జవాబు ఇది. ఇరువది ఆటలు ముగియువరకు మానుట, మానకుండుట అను తలపే వలదు. ఆడినన్నాళ్లును మొత్తము సంఖ్యతోపాటు మరి రెండు లెక్కలు వ్రాసికొనుడు: గుంటచెంతకు చేరిన పిమ్మట మూడేసి దెబ్బలు పట్టిన చోట్లెన్ని, బంతి పోగొట్టుకొన్న చోట్లెన్ని. మొత్తము కదలుటకు ముందే ఈ రెండును కదలును. వారమునకు ఒక్కమారు రెండు గంటలకంటె, మూడుమార్లు నలుబదేసి నిమిషములు మేలు. వందకు లోపలికి వచ్చుటకు మరి ఏడాదియో రెండేండ్లో పట్టినచో ఆశ్చర్యపడవలదు. ఇది మా అంచనాయే కాని శాస్త్రము కాదు.

సంక్రాంతి పిమ్మట ఆయననుండి మరల ఉత్తరము వచ్చినది. కడపటి ఆట 113. మూడేసి దెబ్బలు పట్టిన గుంటలు మాత్రము తొమ్మిదినుండి అయిదుకు తగ్గినవట. పండుగకు జువ్వలదిన్నె వెళ్లి, ఇరువదేండ్ల తరువాత వల భుజముపై వేసికొని నీటిలో దిగిరట. వల సగమే విచ్చుకొని, సీసపు గుండ్లన్నియు ఒక్కచోటనే పడినవట. ఒడ్డున నిలిచిన చిన్నాయన ఏమనిరో మాత్రము వ్రాయలేదు.