కంప్యూటర్‌లో మన రాతలు పోకుండా ఎట్ల దాచుకోవాలె?



ఈసారి గోడపత్రికలో నేను కంప్యూటర్ గురించి రాస్తున్నాను. నాకు అంతా తెలుసని కాదు. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. కానీ పోయిన ఏడు మన ల్యాబ్‌లో జరిగిన నష్టం మళ్ళీ ఎవ్వరికీ జరగకూడదని రాస్తున్నాను.

ఏమి జరిగింది?

దసరా సెలవుల్లో మేము ఆరుగురం మా ఊర్లల్లో ముసలోళ్ళను అడిగి కోయ మాటలు రాసుకొచ్చినం. ఉదాహరణకు, తెలుగులో ఏరు అంటే వాగు. మా కోయలో ఏర్ అంటే నీళ్ళు. ఇట్లాంటివి మూడు వందల పైన టైపు చేసినం. మా ఇండ్లల్ల కోయ మాట్లాడుతరు గానీ రాయరు. అందుకే తెలుగు అక్షరాల్లో రాసినం. ఒక అవ్వ పాడిన పెండ్లి పాటలు కూడా టీచర్ ఫోన్‌లో రికార్డు చేసి అందులో పెట్టినం. అన్నీ డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్‌లో ఉండె. కంప్యూటర్ తెరవంగనే కండ్ల ముందు కనపడుతది గదా, ఎక్కడికి పోతది అనుకున్నం.

సంక్రాంతి సెలవుల తర్వాత ఆ కంప్యూటర్ తెరుచుకోలేదు. బాగుచేసే ఆయన వచ్చి విండోస్ కొత్తగా వేసి పోయిండు. కంప్యూటర్ మంచిగ నడిచింది. మా ఫోల్డర్ మాత్రం లేదు. అందరం ఆయననే తిట్టినం. తర్వాత టీచర్ చెప్పంగ తెలిసింది, మేము దాచిన చోటే తప్పు అని.

హార్డ్ డిస్క్, పార్టిషన్ అనగా ఏమిటి?

మనం దాచినవన్నీ ఉండే చోటు హార్డ్ డిస్క్. 1956లో ఐబీఎం కంపెనీ మొదటిసారి హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్ తెచ్చింది. దానిలో 24 అంగుళాల వెడల్పు పళ్ళేలు 50 ఉండేవి. అన్నీ కలిపి పట్టింది 50 లక్షల అక్షరాలు మాత్రమే. మన ల్యాబ్‌లో ఉన్నది 500 జీబీ. అనగా 50 వేల కోట్ల ఇంగ్లీషు అక్షరాలు పడతాయి.

ఇంత పెద్ద డిస్క్ మొత్తం ఒకటే గది అనుకోండి. వంట అక్కడే, పడక అక్కడే, గింజలు అక్కడే. కప్పు బాగుచేయాలంటే అన్నీ బయట పడేయాలె. అదే నడుమ గోడ ఉంటే వంటగది ఒక్కటే ఖాళీ చేస్తే చాలు. కంప్యూటర్‌లో అట్ల భాగాలు చేయడమే పార్టిషన్. డిస్క్‌లో నిజం గోడ ఉండదు. ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతదో ఒక పట్టికలో రాసి ఉంటది, పోడు పట్టాలో హద్దులు రాసినట్లు.

మొదటి గది పేరు సి. ఏ, బి అనే పేర్లు వెనుకట ఫ్లాపీలకు ఇచ్చినరు, అందుకే సి నుండి మొదలు. విండోస్ సి లో ఉంటది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ కూడా మామూలుగా సి లోనే ఉంటయ్. ఈ సంగతి మాకు తెల్వదు. సి ని తుడిచినప్పుడు మా మాటలన్నీ దానితోనే పోయినయ్. డి అనే గది చేసి అందులో పెడితే మిగిలేవి. బ్యాకప్ తీసుడు కూడా అల్కగా అయితది. ఒక్క డి ని కాపీ చేస్తే చాలు.

ఎట్ల చేయాలి? (టీచర్ దగ్గర ఉన్నప్పుడే చేయండి)

1. ముందు మన ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయాలి. మన చెల్పూరులో కరెంటు తయారైతది గానీ, మన ల్యాబ్‌లో ఎప్పుడు పోతదో చెప్పలేము. నడుమల పోతే నష్టం.
2. స్టార్ట్ బటన్ మీద మౌస్ కుడి బటన్ నొక్కి, డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవాలి.
3. సి మీద కుడి బటన్ నొక్కి ష్రింక్ వాల్యూమ్ అనాలి. ఎంత తగ్గించాలో ఎంబీలలో అడుగుతది. 1 జీబీ అంటే 1024 ఎంబీ. 200 జీబీ కావాలంటే 204800 రాయాలి.
4. ఖాళీ అయిన చోట కుడి బటన్ నొక్కి న్యూ సింపుల్ వాల్యూమ్ అనాలి. డి అక్షరం ఇచ్చి ఫార్మాట్ చేయాలి. డి పేరు సీడీ డ్రైవ్‌కు ఉంటే ఈ అనే అక్షరం ఇయ్యొచ్చు.
5. ఇకమీదట మన పని అంతా అందులోనే దాచాలి.

విండోస్ మళ్ళీ వేసేటప్పుడు పక్కన నిలబడి, సి ఒక్కటే ఫార్మాట్ చేయండి సార్ అని చెప్పాలి. అన్ని పార్టిషన్లు తీసేస్తే డి కూడా పోతది.

ఇంకో ముఖ్యమైన మాట. ఫైల్ పోయిందని తెలిస్తే ఆ కంప్యూటర్‌ను ముట్టుకోకండి. చాలాసార్లు పోయిన ఫైల్ వెంటనే చెరిగిపోదు, దాని మీద కొత్తది రాసినప్పుడే పోతది. అంతదాకా వెతికి తీసే సాఫ్ట్‌వేర్లు ఉన్నయ్. మేము తెల్వక వారం రోజులు అదే కంప్యూటర్‌లో బొమ్మలు వేసినం.

గోడ ఒక్కటే చాలదు

2023 జులై 27న మోరంచవాగు పొంగి మన భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లిని ముంచింది. జనం ఇండ్ల పైకి ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నరు. ఇంట్లో ఎన్ని గదులుంటే ఏమి, వరద అన్ని గదుల్లోకి వస్తది. హార్డ్ డిస్క్ కూడా అంతే. డిస్కే చెడిపోతే సి, డి రెండూ పోతయ్. అందుకే పెద్దలు చెప్పే లెక్క ఇది: మూడు ప్రతులు ఉండాలి, రెండు రకాల వస్తువుల మీద ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి.

మా నాయనమ్మకు చదువు రాదు. కానీ తినే జొన్నలు గుమ్మిలో పోస్తది, విత్తనం కంకులు వేరే తీసి పొయ్యి మీద దూలానికి కడతది. అందులో కొంచెం మా మేనత్త ఊరికి పంపుతది. ఇల్లు కాలినా విత్తనం మిగలాలె అంటది. మాకంటే ముందే ఆమెకు ఈ పాఠం తెలుసు.

మేము మాటలు మళ్ళీ రాస్తున్నాము. నూట ఎనభై అయినయ్. పాటలు పాడిన అవ్వ మాత్రం ఎండాకాలంలో చనిపోయింది. ఆ పాటలు ఇక రావు.

వార్డెన్ మేడం గారికి మనవి: మాకు రెండు పెన్‌డ్రైవ్‌లు ఇప్పించగలరు. ఒకటి మీ బీరువాలో, ఒకటి టీచర్ ఇంట్లో ఉంచుతాము. ప్రతి శనివారం కాపీ చేసే బాధ్యత నాది.

తప్పులుంటే మన్నించండి.

ఇట్లు,
మీ చెల్లె, 9వ తరగతి