మీ స్థలం ఏ రంగులో ఉంది?

స్థలం కొనేముందు లింకు డాక్యుమెంట్లు చూస్తాం. ఈసీ తీయిస్తాం. వాస్తు తెలిసినాయన్ని ఆటోలో ఎక్కించుకుని మరీ తీసుకెళ్తాం. మాస్టర్‌ప్లాన్‌లో ఆ స్థలానికి వేసిన రంగేమిటో మాత్రం చాలామంది అడగరు!

ఉద్యోగమంతా అద్దె ఇళ్లలో గడిపిన ఓ మాస్టారు, రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో హైదరాబాద్ శివారు కాలనీలో రెండొందల గజాల్లో ఇల్లు కట్టుకున్నారనుకుందాం. తూర్పు గదికి రెండు కిటికీలు. పొద్దున్నే ఎండ మంచం దాకా వచ్చేది. రెండేళ్లు తిరిగేసరికి ఆ పక్క స్థలంలో స్టిల్టు, దాని మీద ఐదంతస్తులు, ఆపైన ఓ పెంట్‌హౌసు లేచాయి. కిటికీ తీస్తే చేతికందేంత దూరంలో అవతలివాళ్ల గోడ. ఎండ పోయింది. పట్టపగలు ట్యూబ్‌లైటు వచ్చింది. ఆ ఎండాకాలం బోరు ఎండింది, వానాకాలం మ్యాన్‌హోల్ పొంగింది. ‘నా స్థలం, నా ఇష్టం’ అంటాడు పక్కింటాయన. నిజంగా అతని ఇష్టమేనా?

కాదు. ఎక్కడ ఏం కట్టాలో, ఎంత కట్టాలో చెప్పే హక్కు ఊరికి ఉంటుంది. ఆ మొదటి ముక్కకి పేరు జోనింగ్. రెండో దానికి పేరు సాంద్రత పరిమితి.

పసుపంటే ఇల్లు

మన దేశంలో పట్టణ ప్రణాళిక పటాలకు ఓ రంగుల వరస ఉంది. ఇళ్లుండే ప్రాంతం పసుపు. వ్యాపారానికి నీలం. పరిశ్రమలకు ఊదా. బళ్లు, ఆస్పత్రులు, ప్రభుత్వ కార్యాలయాలకు ఎరుపు. పార్కులకు ఆకుపచ్చ. హైదరాబాద్‌లో ఈ పని 1975లో పుట్టిన హుడా చేసేది. 2008లో దాని స్థానంలో హెచ్ఎండీఏ వచ్చింది. అవుటర్ రింగ్‌రోడ్డు దాటి పల్లెల దాకా పరుచుకున్న ప్రాంతానికి, 2031 దాకా చూపు సారించి తయారుచేసిన ప్రణాళికకు 2013 జనవరిలో ఆమోదం లభించింది.

పసుపులో ఉందంటే అక్కడ ఇల్లు తప్ప మరోటి ఉండకూడదని కాదు. రోడ్డు వెడల్పును బట్టి క్లినిక్కు, చిన్న బడి, కిరాణా కొట్టు లాంటివి రావచ్చు. పెయింట్ల ఫ్యాక్టరీ రాకూడదు. కన్జర్వేషన్ జోన్‌లో ఉన్న పొలాన్ని గజాల లెక్కన అమ్ముతున్నారంటే మాత్రం ఆగి ఆలోచించాల్సిందే. రిజిస్ట్రేషన్ జరిగినంత మాత్రాన ఇంటికి అనుమతి వస్తుందన్న హామీ ఏమీ లేదు.

రంగు మార్చే వీలూ ఉంది. దరఖాస్తు పెట్టుకుంటే పరిశీలించి, అభ్యంతరాలు చెప్పమంటూ పత్రికల్లో ప్రకటన ఇస్తారు. టెండరు నోటీసుల పక్కన చిన్న అక్షరాల్లో వచ్చే ఆ ప్రకటనను చదివేవాళ్లు ఎందరో, చదివి ఉత్తరం రాసేవాళ్లు ఎందరో... ఎవరికి వారే ఆలోచించుకోవాలి!

ఒక గొట్టం, ఐదు కుటుంబాలు

సాంద్రత గొడవంతా చివరికి నీళ్ల దగ్గరికి వస్తుంది. మురుగు పారుదల వ్యవస్థ ఉన్న నగరంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లివ్వాలన్నది మన దేశంలో పాటించే లెక్క. నలభై స్థలాలున్న వీధిలో ఇంటికో కుటుంబం, కుటుంబానికి నలుగురు అనుకుంటే రోజుకు 21,600 లీటర్లు చాలు. ప్రతి స్థలంలో ఐదు కుటుంబాలు చేరితే 1,08,000 లీటర్లు కావాలి. వాడిన నీళ్లలో దాదాపు ఎనభై శాతం మురుగుగా బయటికెళ్తుంది. నేల కింద గొట్టం మాత్రం పాతదే. కార్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

అందుకే పట్టణ ప్రణాళికల కోసం 2014లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు మహానగరాల్లో హెక్టారుకు, అంటే దాదాపు రెండున్నర ఎకరాలకు, 125 నుంచి 175 మంది ఉండొచ్చని సూచించాయి. దీన్ని ఇంటి స్థాయికి దించే కొలబద్ద ఎఫ్ఎస్ఐ. స్థల విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్నదే ఆ అంకె. 200 గజాలంటే 1,800 చదరపు అడుగులు. ఎఫ్ఎస్ఐ ఒకటిన్నర అయితే అన్ని అంతస్తులూ కలిపి 2,700 దాటకూడదు. 1991 నిబంధనల్లో ముంబై పాత నగరానికి ఇది 1.33 మాత్రమే. శివార్లకు ఒకటి.

అసలీ కట్టడి ఆలోచన అమెరికాలో ఊపందుకోవడానికీ ఓ నీడే కారణం. 1915లో న్యూయార్క్‌లో ఎకరం లోపు స్థలంలో 12 లక్షల చదరపు అడుగుల ఈక్విటబుల్ భవనం లేచింది. దాని నీడ ఏడెకరాల మేర పడుతోందని గోల మొదలైంది. మరుసటి ఏడాదే ఆ నగరం జోనింగ్ చట్టం తెచ్చుకుంది. అదే దేశంలో మనవాళ్లు వేలల్లో స్థిరపడ్డ హ్యూస్టన్ మాత్రం 1993లో కూడా ఓట్లేసి మరీ జోనింగ్ వద్దంది!

హైదరాబాద్ మరో దారి పట్టింది. 2006లో వచ్చిన జీఓ 86 ఎఫ్ఎస్ఐ పరిమితినే ఎత్తేసింది. స్థలం ఎంత, ముందున్న రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఎంత వదిలారు... వీటిని బట్టి ఎత్తు. 2012లో ఉమ్మడి రాష్ట్రమంతటికీ వచ్చిన జీఓ 168 కూడా అదే దారిలో నడిచింది. రోడ్డు వంద అడుగులుండి, స్థలం ఎకరాల్లో ఉంటే టవరు ఎంతెత్తయినా లేవొచ్చు. కోకాపేట, నానక్‌రామ్‌గూడల్లో యాభై అంతస్తుల భవనాలు కనిపించడం వెనకున్న రహస్యం ఇదే. అక్కడికి వెళ్లే రోడ్లూ మురుగు కాల్వలూ అంతే వేగంగా పెరిగాయా అంటే, సాయంత్రం ఆరింటికి అటు వెళ్లొచ్చినవాళ్లను అడగాలి.

మరి మాస్టారి పక్కింటి సంగతి? 200 గజాలంటే 167 చదరపు మీటర్లు. 2012 నిబంధనల ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలంలో ఎత్తు పది మీటర్లు, అంటే మూడంతస్తులు. కాలనీ రోడ్డయితే ముందు ఒకటిన్నర మీటరు, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. అంటే ఆ పెంట్‌హౌసు, దాని కింద రెండంతస్తులు కాగితం మీద లేవు! అయినా కట్టారు. ఎందుకంటే 2007 చివర్లో ఇలాంటివాటిని జరిమానాతో సరిచేసే బీపీఎస్ వచ్చింది. 2015లో రెండు రాష్ట్రాల్లోనూ మళ్లీ అలాంటి పథకమే ప్రకటించారు. నిబంధన పాటించి మూడంతస్తులతో ఆగినవాడు అమాయకుడనిపించుకున్నాడు. జరిమానా ఖజానాకు చేరింది, మాస్టారి ఎండ తిరిగి రాలేదు.

84 ఊళ్ల కథ

సాంద్రత మీద ఇంత కఠినంగా గీత గీసి, దాని చుట్టూ ఇంత వాదన నడిచిన జీఓ మరొకటి దొరకదేమో... అదే 111.

1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో రెండు జలాశయాలు కట్టారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపాయి, నగరానికి దాహం తీర్చాయి. వాటిలోకి నీళ్లొచ్చే దారులు మూసుకుపోకుండా 1996 మార్చి 8న ప్రభుత్వం జీఓ 111 ఇచ్చింది. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలు, 1.32 లక్షల ఎకరాలు. అందులో 90 శాతం భూమి వ్యవసాయం, తోటల్లాంటి వాటికే. లేఅవుట్ వేస్తే 60 శాతం రోడ్లకూ ఖాళీ స్థలానికీ వదలాలి. ఎఫ్ఎస్ఐ 0.5 మాత్రమే. అంటే మన 1,800 చదరపు అడుగుల స్థలంలో కట్టగలిగింది 900!

ఈ పరిధిలో కాలుష్య పరిశ్రమ పెట్టబోయిన ఓ నూనెల కంపెనీ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తాగునీటికి హాని ఉండదని రుజువు చేయాల్సిన బాధ్యత కంపెనీదేనన్న తీర్పు 1999లో వచ్చింది.

ఇక ఆ ఊళ్ల రైతుల మాట వేరు. గండిపేట నీళ్లు తాగింది పట్నం, కట్టుబాటు మాత్రం మా పొలాలకా అన్నది వాళ్ల ప్రశ్న. గీతకు అవతలి ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే ఇవతల ఆడపిల్ల పెళ్లికి పొలం అమ్మబోతే బేరం కుదరదు. మరోవైపు గీత లోపలే ఫామ్‌హౌసులూ ప్రహరీలూ లేస్తూనే వచ్చాయి. కృష్ణా, గోదావరి, మంజీర నీళ్లు వచ్చాక జలాశయాల వాటా 1.25 శాతానికి తగ్గిందంటూ 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం జీఓ 69తో ఆంక్షలు సడలించింది. మరుసటి ఏడాది మే నెలలో 111ను పూర్తిగా రద్దు చేయాలని మంత్రివర్గం నిర్ణయించింది. దాహం తీర్చే వాటా తగ్గితే తగ్గిందేమో, వరదనాపే పని ఎవరు చేస్తారని పర్యావరణవేత్తలు అడిగారు. 2020 అక్టోబరులో మునిగిన కాలనీలు అప్పటికింకా ఎవరికీ మరపు రాలేదు.

రైతు అడిగే పరిహారం గురించి మాత్రం ఏ జీఓలోనూ గట్టి మాట లేదు. నగరం కోసం పొలాన్ని పొలంగానే ఉంచినందుకు ఏటా ఇంత అని ఎవరైనా ఇచ్చి ఉంటే ఆ 84 ఊళ్ల కథ మరోలా ఉండేదేమో!