మిల్లింగు మిషనుకు ఇంట చేసికొను బిగింపుపట్టీ

లేతులో పనిముక్క తిరుగును. మిల్లింగు మిషనులో కట్టరు తిరుగును. కనుక ముక్క కదలరాదు. వదులైనచో ఎగిరి మనిషికే తగులును. కర్నూలు నానుకొనియున్న కల్లూరు పారిశ్రామికవాడను చూచి, ముచ్చటకొలది ఇంట చిన్న మిషను పెట్టుకొన దలచువారు కట్టర్లకంటె ముందు బిగింపులు సమకూర్చుకొనవలెను.

ఇందుకు కొత్త ఉక్కు కొననక్కరలేదు, పాత లారీ కమానుపట్టీ చాలును. దానిని ఎర్రగా కాల్చి, పొడి బూడిదలో కప్పి, మెల్లగా చల్లారనిచ్చినచో మెత్తబడి డ్రిల్లుకు లొంగును. ఊరి కమ్మరికిది తెలియని పని కాదు. పిదప బోల్టు జరుగుటకు నడుమ పొడవైన గాడి తీయవలెను.

బోల్టు పనిముక్కకు దగ్గరగా నుండవలెను. ముక్క ఆనుచోటునుండి వెనుక దిమ్మె వరకుగల దూరములో 4వ వంతున బోల్టున్నచో, బిగువులో 4 పాళ్లకు 3 పాళ్లు ముక్కపై పడును. సరిగా నడుమ నున్నచో సగమే. చాలమంది ఇక్కడనే పొరబడుదురు. వెనుక దిమ్మె ముక్కకంటె వెంట్రుకవాసి ఎత్తుగా నుండవలెను. తక్కువైనచో పట్టీ ముక్క అంచును మాత్రమే నొక్కి, దానిని ప్రక్కకు నెట్టును.