తలుపు తట్టే వయసు

'పద్దెనిమిదేళ్లు నిండాయి, ఇంకా నాలుగుసార్లు పిలిస్తేగానీ మంచం దిగడు' అని తల్లులు విసుక్కునే వయసది. ఆ వయసుకు కాస్త అటూఇటూగా ఉన్న పిల్లలు వేలమంది రోజూ పొద్దున్నే ఆరున్నర ప్రాంతంలో లేచి కూర్చుంటున్నారు. ఉన్నది సొంతిల్లు కాదు. చాలామందికి సొంత దేశమూ కాదు. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్లటి పేరుపట్టీ... ఎప్పుడు చూసినా ఇద్దరిద్దరుగా నడుస్తుంటారు. చూసి, ఏ కంపెనీ సేల్స్‌మెన్‌లో అనుకునేవాళ్లూ ఉంటారు. అమ్మడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు. పైగా ఖర్చంతా తమదే!

వీళ్లు 'ద చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లేటర్ డే సెయింట్స్' మిషనరీలు. మోర్మన్లు అంటే చాలామందికి తెలుస్తుంది. బైబిల్‌తో పాటు 'బుక్ ఆఫ్ మోర్మన్' అనే గ్రంథాన్నీ పవిత్రంగా భావిస్తారు కాబట్టి ఆ పేరొచ్చింది. అలా పిలవద్దు, పూర్తి పేరే వాడండని 2018లో చర్చి పెద్దలు కోరారు. (అంత పొడుగు పేరు నోరు తిరగాలిగా!) 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన ఈ చర్చికి ఇప్పుడు కేంద్రం యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ. 2024 చివరికి పూర్తికాలం బోధకులుగా పనిచేస్తున్న మిషనరీలు 74 వేల పైచిలుకు. అబ్బాయిలైతే రెండేళ్లు, అమ్మాయిలైతే ఏడాదిన్నర.

ఎక్కడికో తెలియదు

వెళ్తామని దరఖాస్తు పెట్టుకోవడం వరకే వాళ్ల చేతిలో ఉంటుంది. ఎక్కడికన్నది చర్చి పెద్దలే నిర్ణయిస్తారు. ఒకప్పుడు పోస్టులో పెద్ద తెల్ల కవరు వచ్చేది. అమ్మానాన్నా తాతలూ స్నేహితులూ అందరూ చుట్టూ చేరాక దాన్ని చింపి పైకి చదవడం ఓ వేడుక. 2018 నుంచి ఆ కబురు ఆన్‌లైన్లోనే వస్తోంది. కవరు పోయిందిగానీ, అందరూ ఒకచోట చేరడం మాత్రం పోలేదు. అబ్బాయిలకు కనీస వయసు 19 ఉండేది, 2012లో 18 చేశారు. అమ్మాయిలకు అప్పుడే 21 నుంచి 19కి తగ్గించారు. 2025 నవంబరులో వాళ్లకూ 18కే వీలు కల్పించారు.

ఇక ఖర్చు. అమెరికా నుంచి వెళ్లేవాళ్లు నెలకు 400 డాలర్లు కట్టేవారు. 2020 జులై నుంచి అది 500 అయింది. చవకగా బతికే దేశానికి వెళ్లినా, ఖరీదైన నగరానికి వెళ్లినా అంతే. స్కూల్లో ఉండగానే సెలవుల్లో పనులు చేసి ఈ డబ్బు కూడబెట్టుకునేవాళ్లు చాలామంది. చాలకపోతే కన్నవాళ్లు, చర్చిలోని తోటివాళ్లు సాయం పడతారు.

ఇడాహోలో బంగాళాదుంప పొలాల మధ్య పెరిగిన పందొమ్మిదేళ్ల కుర్రాడికి జపాన్ ఉత్తరాన ఉన్న సపోరో వచ్చిందనుకోండి. యూటాలోని ప్రోవో శిక్షణ కేంద్రంలో కొన్ని వారాలు జపనీస్ నేర్చుకుని విమానం ఎక్కుతాడు. నేర్చుకున్నదెంతో అక్కడ దిగిన మొదటి రోజే తేలిపోతుంది. ఇకనుంచి అతణ్ని సొంత పేరుతో పిలిచేవాళ్లుండరు. ఇంటిపేరుకు ముందు 'ఎల్డర్' అంటారు. జపనీస్‌లో అయితే 'చోరో'. రెండింటి అర్థమూ 'పెద్దాయన' అనే! గడ్డం కూడా సరిగా రాని పెద్దాయన.

నీడలా ఇంకొకరు

లేవగానే అరగంట వ్యాయామం. తర్వాత ఫలహారం, గ్రంథ పఠనం, భాషాభ్యాసం. పొద్దున పదింటికల్లా వీధిలో ఉండాలి. రాత్రి తొమ్మిది దాటాక గదికి చేరి పదిన్నరకు దీపం ఆర్పాలి. 2017లో ఈ వేళల్ని దేశాన్ని బట్టి కొంత సడలించారు. సినిమాల్లేవు, టీవీ లేదు, ప్రేమ కబుర్లు అసలే లేవు.

వీటన్నిటికన్నా కష్టమైంది మరొకటుంది. ఒంటరిగా ఉండకూడదు! 'కంపానియన్' అని ఒకరిని జత కలుపుతారు. ఎవరో ఏ ఊరివారో ముందు తెలియదు, వద్దనడానికి లేదు. స్నానాల గదిలో తప్ప ఇద్దరూ ఒకరి కంటికి ఒకరు కనబడుతుండాల్సిందే. ఒకరు పొదుపుగా మాట్లాడితే మరొకరికి నోరు ఊరుకోదు. ఒకరికి గురక, ఇంకొకరికి చిన్న చప్పుడైనా మెలకువ. దాదాపు ఆరు వారాలకోసారి బదిలీలుంటాయి. అప్పటిదాకా సర్దుకుపోవాలి. హాస్టల్లో ఉన్నవాళ్లకు ఇది కొంత అర్థమవుతుంది. కానీ హాస్టల్లో కనీసం సాయంత్రం బయటకెళ్లి టీ తాగొచ్చు. వీళ్ల మతంలో టీ, కాఫీ కూడా నిషిద్ధమే. జపాన్‌లో ఇంటికొచ్చినవాళ్లకు గ్రీన్ టీ ఇవ్వడం మర్యాద. దాన్ని నొప్పించకుండా వద్దనడం భాష నేర్చినంత పని. బార్లీ గింజలు వేయించి కాచే 'ముగిచా' మాత్రం తాగొచ్చు. ఆ కప్పు చేతికొస్తే ప్రాణం లేచొచ్చినట్టే.

'అక్కర్లేదండీ'

మంగళవారం నుంచి శనివారం దాకా అసలు పని తలుపులు తట్టడమే. అపార్ట్‌మెంట్ కింద బటన్ నొక్కుతారు. పైనుంచి మర్యాదగా 'కెక్కో దేసు' అని వినిపిస్తుంది... మాకు అక్కర్లేదండీ అని. పక్క బటన్. మళ్లీ అదే. జపాన్ వాళ్లు కసురుకోరు, తలుపు విసిరికొట్టరు. కానీ సాయంత్రానికి యాభై మర్యాదలు పోగైతే పందొమ్మిదేళ్ల మనసుకు ఎలా ఉంటుంది!

ఇది కొత్తేమీ కాదు. ఈ చర్చి జపాన్‌లో తొలిసారి అడుగుపెట్టింది 1901లో. ఇరవై మూడేళ్లు తిరిగినా చేరినవారు రెండు వందలైనా కాలేదు. 1924లో మూసుకుని వెళ్లిపోయి, 1948లో మళ్లీ వచ్చింది. ప్రపంచం మొత్తమ్మీద చూసినా లెక్క గొప్పగా ఏమీ ఉండదు. 2024లో ఈ చర్చిలో కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవారు 3 లక్షల 8 వేల మంది. ఉన్న మిషనరీలతో భాగిస్తే సగటున ఒక్కొక్కరికి ఏడాదికి నలుగురు. మిగతా తలుపులన్నీ మూసుకున్నవే!

అసలు వీళ్ల తొలి మిషనరీ కథే అది. 1830లో జోసెఫ్ స్మిత్ తమ్ముడు శామ్యూల్ సంచీనిండా పుస్తకాలు వేసుకుని ఊరూరా కాలినడకన తిరిగాడు. మొదటిరోజే అందరూ పొమ్మన్నారు. రాత్రికి సత్రం యజమాని కూడా గెంటేస్తే ఆపిల్ చెట్టు కింద పడుకున్నాడని చర్చి చరిత్ర చెబుతుంది. అప్పట్లో అతను అమ్మిన ప్రతి ఒకటి చేతులు మారి బ్రిగమ్ యంగ్ ఇంటికి చేరింది. తర్వాత ఈ చర్చిని యూటాకు నడిపించింది ఆయనే. ప్రతి మిషనరీకీ ఈ కథ తెలుసు. నాలుగు గంటలు తిరిగి ఒక్కరితోనైనా మాట్లాడలేకపోయిన రోజున పనికొచ్చేది ఇలాంటి కథలే.

పార పట్టిన చేతులు

సపోరోలో ఏటా కురిసే మంచు ఎత్తు కొలిస్తే దాదాపు అయిదు మీటర్లు. జపాన్‌లో ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు 65 ఏళ్లు దాటినవాళ్లు. ఈ రెండూ కలిసినచోట పొద్దున్నే గుమ్మం ముందు మంచు తీయడం ఎంత కష్టమో ఊహించవచ్చు. వారంలో కొన్ని గంటలు ఇలాంటి సేవకే. పార పట్టుకుని దారి చేస్తారు. పొలంలో పెరిగిన కుర్రాడికి ఇది చెమట పట్టే పనేగానీ తెలియని పని కాదు. అందులోనూ ఇక్కడ భాష అక్కర్లేదు. పొద్దుటి నుంచీ 'అక్కర్లేదు' విన్నవాడికి 'ఇటు కూడా కాస్త తియ్యి బాబూ' అని ఓ పెద్దావిడ వేలు చూపిస్తే అంతకన్నా ఏం కావాలి!

వారానికోసారి ఉచితంగా ఇంగ్లిష్ తరగతులు చెబుతారు. గృహిణులు, ఉద్యోగులు, విశ్రాంత జీవులు వస్తారు. ఈ సాయం వెనక మత ప్రచారం లేదా అంటే ఉంది. వాళ్లేం దాచరు, చర్చి పేరు గుండె మీద పట్టీలోనే రాసి ఉంటుంది. ఆపైన మతం సంగతులు వినాలా వద్దా అన్నది వచ్చినవాళ్ల ఇష్టం. 2011 మార్చిలో భూకంపం, సునామీ వచ్చినప్పుడు ఈ చర్చి వాలంటీర్లు పసుపుపచ్చ జాకెట్లు వేసుకుని ఇళ్లలోంచి బురద ఎత్తిపోశారు. అప్పుడు ఎవరి మతమేమిటని ఎవరూ అడిగి ఉండరు.

ఆదివారం ప్రార్థన. రొట్టెముక్క, ద్రాక్షరసానికి బదులు నీళ్లు పంచుతారు. నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు ఉపవాసం ఉండి, ఆ మిగిలిన డబ్బు పేదల నిధికిస్తారు. మన కుర్రాడు వచ్చీరాని జపనీస్‌లో నిలబడి నాలుగు మాటలు చెప్పాల్సింది ఆ రోజే.

సోమవారం ఫోను

సోమవారం బట్టలుతుక్కునే రోజు. సరుకులు తెచ్చుకోవాలి, జుట్టు కత్తిరించుకోవాలి, ఇంటికి ఫోన్ చేయాలి. 2019 ఫిబ్రవరి దాకా ఏడాదికి రెండే ఫోన్లు... క్రిస్మస్‌కి ఒకటి, మాతృ దినోత్సవానికి ఒకటి. మిగతా అంతా ఉత్తరాలే, తర్వాత ఈమెయిళ్లు. ఇప్పుడు వారం వారం వీడియోలో మొహం చూసుకోవచ్చు. దీనివల్ల ఇంటి మీద బెంగ తగ్గిందనేవాళ్లున్నారు, పెరిగిందనేవాళ్లూ ఉన్నారు. బెంగ పెట్టుకుని ఇంటికెళ్లే రోజులు లెక్కపెట్టేవాణ్ని వాళ్ల పరిభాషలో 'ట్రంకీ' అంటారు. మనసులోనే ట్రంకుపెట్టె సర్దేసుకున్నాడని!

కొందరు నిజంగానే మధ్యలో సర్దుకుని వచ్చేస్తారు. అనారోగ్యం, దిగులు, నమ్మకం సడలడం... కారణం ఏదైనా కావచ్చు. అబ్బాయిలు మిషన్‌కు వెళ్లడం తమ బాధ్యతగా భావించే సమాజంలో, అలా వచ్చినవాడి వైపు ఊరు చూసే చూపు వేరు. 'ఏం జరిగింది?' అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేక చర్చికి వెళ్లడం మానేసినవారున్నారు. ఆరోగ్యం సహకరించనివారు ఇంటి దగ్గరే ఉండి సేవాసంస్థల్లో పనిచేసే మార్గాన్ని చర్చి ఇప్పుడు చూపిస్తోంది. మంచి మార్పే. కాకపోతే చూపులు నిబంధనలంత త్వరగా మారవు.

తెలుగునాట ఈ తలుపు తెరుచుకున్న తీరు వేరు. సమోవా దీవుల్లో ఉంటూ ఈ చర్చిలో చేరిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో మిషనరీలుగా హైదరాబాద్‌ వచ్చారు. వాళ్లు తట్టింది సొంత బంధువుల తలుపులనే. 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దేశంలోనే తొలి 'స్టేక్' (కొన్ని స్థానిక సంఘాల కూడలి) 2012లో ఏర్పడింది హైదరాబాద్‌లోనే.

సపోరో కుర్రాడి రెండేళ్లు పూర్తయ్యే రోజున విమానాశ్రయంలో బంధువులు రంగురంగుల బ్యానర్లు పట్టుకుని నిలబడతారు. అమ్మ మెడ వాటేసుకుని వదలదు. జపనీస్‌లో కలలు కంటున్నవాడికి ఇంగ్లిష్ మాట తడుముకుంటుంది. అయినా అతను అప్పటికింకా మిషనరీయే. స్థానిక స్టేక్ పెద్ద దగ్గరకు వెళ్తే, ఆయన రెండేళ్ల కబుర్లు విని 'ఇక నీ పని పూర్తయింది' అని చెబుతారు. అప్పుడు జేబు మీది పట్టీ తీసేస్తాడు. ఆ రాత్రి నుంచి ఇంట్లో వాళ్లు అతణ్ని మళ్లీ సొంత పేరుతో పిలుస్తారు.