కరెంటు పోయినా చేపకు ఊపిరి ఆగకూడదు

తుఫాను కాలానికి ముందే ఇంట్లో, బడిలో చేపల తొట్టికి చేసుకోవాల్సిన ఏర్పాట్లు. పిల్లలతో వేయించదగ్గ లెక్కతో సహా

కరెంటు పోగానే మనకు ముందు గుర్తొచ్చేది ఫ్యాను. తర్వాత ఫోను ఛార్జింగు, ఆ తర్వాత ఫ్రిజ్‌లో పాలు. హాలు మూలన ఉన్న చేపల తొట్టి చాలామందికి గుర్తు రాదు. గుర్తొచ్చినా, ‘లైటు లేకపోతే చేపలకేం నష్టం?’ అనుకుంటాం. లైటు లేకపోతే నిజంగానే నష్టం లేదు. ఆగకూడనిది ఆ పక్కనే బుడగలు వదిలే చిన్న మోటారు.

ఈ వారం మేము ఈ విషయం ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. మన పాఠకుల్లో చాలామంది ఉండేది తుఫానుల దారిలో. 1996 నవంబరు 6 నాటి తుఫాను యానాం పెద్దలకు ఇంకా గుర్తే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2016 డిసెంబరు 12న వర్దా చెన్నైని చీకట్లో ముంచింది. 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ గజపతి జిల్లాను కుదిపేసింది. స్తంభాలు కూలినచోట కరెంటు గంటల్లో రాదు, రోజులు పడుతుంది. బళ్ళారి, సోలాపూర్ లాంటి చోట్ల తుఫాను భయం లేదు గానీ, ఎండాకాలంలో కరెంటు పోయినప్పుడు కష్టం మరో రకంగా ఉంటుంది.

రెండో కారణం పిల్లలు. చాలా ఇళ్ళలో బిడ్డ చేతికి మొదటిసారి అప్పగించే ప్రాణం ఆ తొట్టిలోదే. పొద్దున లేచేసరికి చేపలన్నీ వెల్లకిలా తేలితే ఆ పసివాడికి ఏం చెప్పాలో మనకు తోచదు. ముందే కొంచెం సిద్ధపడితే ఆ అవసరమే రాదు.

అర గ్రాము కూడా లేని ఊపిరి

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టిలో సుమారు 50 లీటర్ల నీళ్ళు పడతాయి. 30 డిగ్రీల వేడి దగ్గర లీటరు నీటిలో కరిగి ఉండగలిగే ప్రాణవాయువు దాదాపు 7.5 మిల్లీగ్రాములు. అంటే తొట్టి మొత్తంలో 375 మిల్లీగ్రాములు. అర గ్రాము కూడా కాదు! చేపలు, మొక్కలు, అడుగున కుళ్ళే మేత, నీటిలోని సూక్ష్మజీవులు, అన్నీ బతకాల్సింది దాంతోనే. మొక్కలున్నాయిలే అనుకోవడానికీ లేదు. చీకట్లో అవి కూడా ప్రాణవాయువును వాడుకునేవే.

నీరు వేడెక్కే కొద్దీ ఆ నిల్వ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు దాటి ఉండేది 35 డిగ్రీలకు 7కు పడిపోతుంది. అదే వేడికి చేపకు ఊపిరి అవసరం పెరుగుతుంది. అందుకే మే నెల మధ్యాహ్నం కోత డిసెంబరు రాత్రి కోత కన్నా ప్రమాదం.

గాలి కలిసేది నీటి పైభాగంలో. బుడగలు చేసే అసలు పని నీటిని కదిలించి, అడుగు నీరు పైకి వచ్చేలా చేయడం. చేపలమ్మే దుకాణంలో సంచి కట్టే తీరు గమనించండి. నీళ్ళు కొంచెమే పోసి, మిగతా సంచి అంతా ఆక్సిజన్ నింపుతారు. చెన్నై కొళత్తూరు నుంచి ఊళ్ళకు వెళ్ళే రంగు చేపలు గంటల తరబడి ప్రయాణం చేయగలిగేది ఆ వాయువు పుణ్యమే.

అన్ని చేపలకూ ఒకే ఓపిక ఉండదు. గౌరామి, ఫైటర్ చేపలు మన కొరమీనులాగే పైకొచ్చి గాలి మింగగలవు. గోల్డ్ ఫిష్‌లు అలా నెగ్గుకురాలేవు. చిన్న తొట్టిలో నాలుగైదు పెద్ద గోల్డ్ ఫిష్‌లుంటే కొద్ది గంటల్లోనే కష్టం మొదలవుతుంది. చేపలన్నీ ఒకేసారి పైకి చేరి నోరు తెరిచి ఆడిస్తుంటే, అది ఆకలి అనుకుని మేత వేయకండి. ఊపిరి ఆడటం లేదని అర్థం.

ఎంత కరెంటు కావాలి?

గాలి మోటారుకు కావలసిన కరెంటు చాలా తక్కువ. ఇళ్ళలో వాడే చిన్న మోటారుకు 3 నుంచి 5 వాట్లు చాలు. ఫోను ఛార్జరు తీగతో నడిచే యూఎస్‌బీ మోటారు ఒకటి, ఒకటిన్నర వాటే తీసుకుంటుంది. ఇక ఏది కొనాలో ఇంటి వీలును బట్టి చూసుకోవాలి.

పవర్ బ్యాంకు: 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నదానిలో సుమారు 37 వాట్-గంటలుంటాయి. నష్టాలు పోను 25 చేతికొస్తాయి. ఒకటిన్నర వాటు మోటారు దాంతో 16 గంటలు నడుస్తుంది. ఒక చిక్కుంది. కొన్ని పవర్ బ్యాంకులు ఇంత తక్కువ కరెంటు తీసుకునే వస్తువును గుర్తించక, కాసేపటికి వాటంతటవే ఆగిపోతాయి. కొన్న రోజే రాత్రంతా నడిపి చూసుకోండి.

బ్యాటరీ సెల్స్‌తో నడిచే మోటారు: రంగు చేపల దుకాణాల్లో దొరుకుతుంది. ఏడాదికి ఒకసారి వాడినా మంచిదే. సెల్స్ లోపలే పెట్టి మరిచిపోతే కారి పాడవుతాయి. విడిగా తీసి పెట్టాలి.

కంప్యూటర్ యూపీఎస్: చిన్నపాటి కోతలకు పనికొస్తుంది. దానిలో బ్యాటరీ చిన్నది, పైగా తాను నడవడానికే కొంత వాడుకుంటుంది. కాబట్టి రాత్రంతా దాని మీద ఆధారపడలేం.

ఇంటి ఇన్వర్టర్: 12 వోల్టులు, 150 ఏహెచ్ బ్యాటరీ అంటే 1800 వాట్-గంటలు. బ్యాటరీ బాగుండాలంటే సగమే వాడదాం, 900 అనుకుందాం. రెండు మామూలు ఫ్యాన్లు 150 వాట్లు, మూడు దీపాలు 30, తొట్టి మోటారు 5, మొత్తం 185. ఐదు గంటల్లో అయిపోతుంది. ఫ్యాన్లు, దీపాలు ఆపేస్తే? ఇన్వర్టర్ సొంత ఖర్చు 20 వాట్లు వేసుకున్నా, మోటారు ఒక్కటే 36 గంటలు నడుస్తుంది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రాత్రి ఫ్యాను ఎంతసేపు వేసుకోవాలో ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవచ్చు.

నీరు వేడిచేసే హీటరును మాత్రం ఈ లెక్కలో చేర్చకండి. 100 వాట్ల హీటరు ఇన్వర్టర్‌ను ఖాళీ చేస్తుంది. కోస్తా ఊళ్ళలో అక్టోబరులో దాని అవసరమే ఉండదు. బెంగళూరు, హోసూరు చలి రాత్రుల్లో తొట్టి చుట్టూ దుప్పటి కానీ థర్మోకోల్ కానీ కట్టి, పైభాగం గాలికి వదిలేస్తే సరిపోతుంది.

ఫిల్టరులో ప్రాణమున్నవీ ఉన్నాయి

ఫిల్టరు స్పాంజిలో మేలు చేసే బాక్టీరియా ఉంటాయి. చేపలు వదిలే అమ్మోనియాను అవి ముందు నైట్రైటుగా, తర్వాత అంత హాని లేని నైట్రేటుగా మారుస్తాయి. వాటికీ ప్రాణవాయువు కావాలి. మూతబిగించిన డబ్బా ఫిల్టరు ఆగితే, లోపలి నీటిలో గాలి కొన్ని గంటల్లో అయిపోయి అవి చావడం మొదలవుతుంది. కరెంటు రాగానే ఆ కుళ్ళు నీరంతా తొట్టిలోకి వచ్చి పడుతుంది. అప్పటిదాకా బతికిన చేపలు కరెంటొచ్చాక చనిపోవడానికి ఇదో కారణం.

అందుకే కోత చాలాసేపు సాగేలా ఉంటే డబ్బా తెరిచి, స్పాంజిని తొట్టి నీటిలోనే వేసి ఉంచండి. మళ్ళీ పెట్టేముందు తొట్టి నుంచి తీసిన నీటితోనే కడగండి. క్లోరిన్ ఉన్న కుళాయి నీరు ఆ బాక్టీరియాను చంపుతుంది. కొత్తగా తొట్టి పెట్టేవారికి మేము చెప్పేది, గాలి మోటారుతో నడిచే స్పాంజ్ ఫిల్టరు కొనమని. ఒకే చిన్న మోటారు గాలినీ ఇస్తుంది, శుభ్రమూ చేస్తుంది.

ఏదీ లేకపోతే మన చెయ్యి

బ్యాటరీ లేదు, ఇన్వర్టర్ లేదు. ఒక చెంబు ఉంటే చాలు. తొట్టిలోంచి నీళ్ళు ముంచి, జానెడు ఎత్తునుంచి మళ్ళీ అందులోకే పోయాలి. గంటకోసారి ఐదు నిమిషాలు చేసినా చేపలకు ఊరట. పిల్లలు వంతులేసుకుని చేస్తారు, పెద్దలు రాత్రి పూట చూసుకోవాలి.

మేత ఆపేయండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు మూడు నాలుగు రోజులు తిండి లేకుండా ఉండగలవు. మేత వేస్తే అమ్మోనియా పెరుగుతుంది, గాలి ఖర్చూ పెరుగుతుంది. తుఫాను హెచ్చరిక రాగానే రెండు బకెట్ల నీళ్ళు పట్టి ఉంచండి. కరెంటు లేకపోతే బోరు మోటారూ నడవదు. ఒక రోజు నిలవున్న ఆ నీటితో నాలుగో వంతు మార్చుకోవచ్చు. తుఫాను తర్వాత కుళాయిలో వచ్చే నీటిలో బ్లీచింగ్ ఎక్కువగా ఉండవచ్చు, నేరుగా పోయవద్దు.

మరో మాట, మనుషుల క్షేమం గురించి. తొట్టిలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గులన్నీ తీయాలి. తీగ ప్లగ్గు కన్నా కిందికి వేలాడేలా ఉంటే, కారిన నీరు ప్లగ్గులోకి పోదు. గాలి మోటారు నీటిమట్టం కన్నా కింద ఉంటే, ఆగినప్పుడు నీరు గొట్టం గుండా వెనక్కి వస్తుంది. మధ్యలో చిన్న నాన్ రిటర్న్ వాల్వు పెట్టించండి. పెట్రోలు జనరేటర్‌ను గదిలో, వరండాలో ఎప్పుడూ నడపవద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది.

బడిలో తొట్టి ఉంటే

టీచర్లు ఒకటి గమనించాలి. సాయంత్రం తాళం వేసేటప్పుడు మెయిన్ స్విచ్చి ఆపే అలవాటు చాలా బడుల్లో ఉంటుంది. అలా అయితే ఆ తొట్టికి ప్రతి రాత్రీ కరెంటు కోతే! తొట్టికి విడిగా ఒక లైను ఉండేలా ఎలక్ట్రీషియన్‌ను అడగండి. వీలుకాకపోతే చేపలను తగ్గించి, గాలి మింగగలిగే రకాలనే ఉంచండి. దసరా సెలవులు వచ్చేదీ తుఫానుల కాలంలోనే. ఆ పది రోజులు తొట్టి ఎవరి పూచీయో ముందే రాసుకోవాలి.

ఇదే తొట్టి మంచి పాఠం కూడా. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో పై లెక్కలన్నీ తెలుగులోనే చేయించవచ్చు. వాట్లను గంటలతో గుణిస్తే వాట్-గంటలు. అవి వెయ్యి అయితే ఒక యూనిట్. ఇంటి కరెంటు బిల్లు రాష్ట్ర భాషలోనో ఇంగ్లిషులోనో వస్తుంది, దాన్ని తెచ్చి యూనిట్లు చదివి తెలుగులో వివరించమనండి. చేప ఊపిరి పీల్చే మొప్పలను కన్నడంలో కివిరు అంటారు, తమిళంలో సెవుళ్, మరాఠీలో కల్లే. ఒడియా మాటను పొరుగింట్లో అడిగి తెమ్మనండి. రెండు భాషల మధ్య పెరిగే మన పిల్లలకు ఇది బరువు కాదు, బలం.

చివరిగా ఒక చిన్న పని. కరెంటు పోయే వేళకు చాలా ఇళ్ళలో ఉండేది నానమ్మో అమ్మమ్మో. వాళ్ళలో ఎందరికో చదవడం వచ్చిన లిపి తెలుగొక్కటే. తొట్టి పక్కన అతికించేందుకు పిల్లలతో పెద్ద అక్షరాల్లో ఈ నాలుగు మాటలు రాయించండి:

1. ప్లగ్గులు తీయి.
2. పవర్ బ్యాంకుకు మోటారు తగిలించు.
3. మేత వేయకు.
4. చేపలు పైకొస్తే చెంబుతో నీళ్ళు ముంచి పోయి.